దీర్ఘం పెట్టడానికి వచ్చిన మనిషి

మా నాన్నకు ఇద్దరు తండ్రులు. కన్నతండ్రి గౌస్ పాషా, పెంచిన తండ్రి ఆయన తమ్ముడు ఖాసిం. ఖాసిం దాదాను నేను బాగా ఎరుగుదును. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఇల్లందు బజారంతా తిరిగాను. గౌస్ దాదాను మాత్రం ఇప్పుడు మా ఇంట్లో ఉన్నవాళ్లలో దాదీ తప్ప ఎవరూ చూడలేదు. నాన్నకు కూడా గుర్తు లేడు. ఆయన పోయేనాటికి నాన్న ఇంకా పాకుతున్నాడు.

ఇదేమీ దాచిపెట్టిన సంగతి కాదు. భర్త పోయిన సకీనాను, అంటే మా దాదీని, ఏడాది తిరిగాక మరిదికిచ్చి నికా చేశారని బజారులో అందరికీ తెలుసు. మా నాన్న వసీం పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు దగ్గర గౌస్ పాషా అనే ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు, "పెంచేది నువ్వే గదా, నీ పేరే రాద్దాం" అంటే ఖాసిం దాదా ఒప్పుకోలేదట. "పేరు మా అన్నది సార్. ఫీజుకు మాత్రం నన్ను పిలువుండ్రి" అన్నాడట. ఈ మాట నాన్న ఇప్పటికీ చెబుతుంటాడు.

అందరికీ తెలుసు కాబట్టే కాబోలు, ఎవరూ ఆయన గురించి మాట్లాడేవాళ్లు కాదు. గౌస్ మంచివాడు, పేర్లు కొట్టేవాడు, అడవి జ్వరం వచ్చి పోయాడు. ఇంతే. ఫోటో ఒక్కటి కూడా లేదు. ట్రంకు పెట్టెలో కాగితాలన్నీ వెతికితే ఐదో తరగతి చదివినట్టు ఒక టీసీ, ఆయన పేరు మీద ఎర్రగీత గీసిన పాత రేషను కార్డు, ఉర్దూలో రాసిన నికానామా దొరికాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే పంతొమ్మిది వందల యాభైలో పుట్టి, డెబ్భై మూడులో పెళ్లి చేసుకుని, డెబ్భై ఆరు వానాకాలంలో పోయాడని తేలుతుంది. ఆ మధ్యలో ఎట్లా నవ్వేవాడు, ఏం తినేవాడు, ఎవరితో పోట్లాడేవాడు అనేది ఏ కాగితంలోనూ లేదు.

పేర్లు కొట్టడం అంటే ఇత్తడి, రాగి సామాన్ల మీద చిన్న ఉలితో, సుత్తితో చుక్కలు చుక్కలుగా యజమాని పేరు వేయడం. మా ముత్తాత కళాయి పెట్టేవాడు. గాలి ఊదే తిత్తి, బొగ్గులు, నవసాగరం పొడి సంచిలో కట్టుకుని తండాలు, గూడేలు తిరిగి, పచ్చబడ్డ ఇత్తడి గిన్నెలకు లోపల తెల్లగా తగరపు పూత పూసేవాడు. చదువు మధ్యలో వదిలేసిన పెద్దకొడుకు తిత్తి ఊదడానికి వెంట వెళ్లి, ఊదుతూ ఊదుతూ పేర్లు కొట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. పేర్లు వేయడానికి కరెంటు మిషను ఉంది.

నేను టేకులపల్లి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పోయిన వానాకాలం ఒక తండాలో జ్వరాల సర్వేకు వెళ్లాను. ఆశా వర్కరు వెంట ఇల్లిల్లూ తిరిగి, వేలు పొడిచి రక్తం తీసుకుంటున్నాం. ఒక ఇంట్లో హేమ్లి అనే పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, నా మొహం చూసి ముందు నీళ్లు తాగమంది. ఇత్తడి చెంబు. చింతపండుతో తోమి తోమి అంచు అరిగిపోయింది. తాగుతూ ఉంటే వేళ్లకు గరుగ్గా తగిలింది. తిప్పి చూశాను. 'హేమ్లి' అని ఉంది. దాని కింద ఒక చేప. పేరు చివర మూడు చుక్కలు, పొయ్యి రాళ్లలాగా.

ఆ మూడు చుక్కలు మా ఇంట్లో పళ్లెం మీద ఉన్నాయి. రోజూ అన్నం తిన్నప్పుడు చూసేవే.

"అవ్వా, ఈ పేరు ఎవరు కొట్టిండ్రు?"

"కళాయి గౌస్. నువ్వు పుట్టకముందు మాట బిడ్డా. నాకు చదువు రాదు గదా, పెండ్లిళ్లల్ల చెంబులు కలిసిపోతే నాది ఏదో ఎట్ల తెలుస్తది? గందుకే చేప వేసిండు. ఈ తండల ఇంటికొక బొమ్మ. మా తోడికోడలుకు నెమలి, వెనక ఇంటోళ్లకు ఎద్దు."

"ఆయన మా దాదా అవ్వా. మా నాయనకు నాయన."

ఆవిడ నా చేతిలోంచి చెంబు తీసుకుని పక్కన పెట్టింది. రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "అయ్యో, కళాయాయన మనవరాలివా! మరి ఇంతసేపు సూదులు పొడుచుకుంట కూసున్నవేంది? సుబ్బరత్నాన్ని చూపిస్త దా" అని లోపలికి లాక్కెళ్లింది.

ఇంట్లో ఇంకెవరో ఉన్నారనుకున్నాను. ఆశా వర్కరు కిసుక్కున నవ్వింది. మూలన పీట మీద ఉన్న పెద్ద ఇత్తడి బిందె పేరు సుబ్బరత్నం. ఆ సంగతి హేమ్లి నవ్వుతూ, మధ్యమధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

పెళ్లయిన కొత్తలో ఆమె భర్త బద్యా ఇల్లందు సంతలో ఎవరో అమ్ముకున్న పాత బిందె చవగ్గా వస్తే కొని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. దాని మీద ఏదో రాసి ఉందని చూశాడు కానీ ఇద్దరికీ చదవడం రాదు. నెల తర్వాత కళాయి పెట్టడానికి వచ్చిన గౌస్ బిందె తిప్పి, చుట్టూ నలుగురు ఉండగా గట్టిగా చదివాడు.

"బద్యన్నా, ఈ సుబ్బరత్నం ఎవరే?"

హేమ్లి అక్కడే ఉంది. ఇంకేముంది, ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ పూట పొయ్యి వెలగలేదు. బద్యా తలుపు బయట నిలబడి సుబ్బరత్నం ఎవరో తనకు తెలియదని ఎంత మొత్తుకుంటే ఆమెకు అంత అనుమానం పెరిగింది. నిప్పు పెట్టింది తానే కాబట్టి గౌస్ వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, తప్పు నాదే. అది పాత బిందె. ఎవరో ముసలామె పేరు అయి ఉంటది."

"ముసలామెనో పడుచుదో నీకెట్ల తెలుసు? నువ్వు చూసినవా?"

"చూడలే."

"మరి నోరు మూసుకో. ముందు ఆ పేరు తీసెయ్యి."

"ఇత్తడి మీద కొట్టిన పేరు పోదక్కా. బిందెకు చిల్లు పడ్తది."

"అయితే ఈ తలుపు తియ్య."

చేసేదేమీ లేక గౌస్ బిందె ఒళ్లో పెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. పేరు తీయలేడు కాబట్టి పేరు చుట్టూ చుక్కలు కొట్టుకుంటూ పోయాడు. మొదటి అక్షరం చుట్టూ రేకులు వచ్చి పువ్వయింది. జంటగా ఉన్న రెండు బలు రెండు పిట్టలయ్యాయి. చివరి సున్న పండయింది. అన్నిటినీ కలుపుతూ ఒక తీగ. పొద్దు వాలేసరికి అక్షరాలు మాయమై బిందె మెడ చుట్టూ పూలతీగ నిలబడింది. తలుపు సందులోంచి చూస్తున్న హేమ్లి బయటికి వచ్చి, ఏమీ అనకుండా అతనికి రెండు జొన్న రొట్టెలు పెట్టింది. మొగుడికి ఒక్కటే పెట్టిందట.

"ఆనాటి సంది దాని పేరే సుబ్బరత్నం అయ్యింది. మా ఆయన ఉన్నన్నాళ్లు నీళ్లు కావాల్నంటే, 'నా సుబ్బరత్నం ఎటు పోయింది' అని అడిగేటోడు, నన్ను ఉడికించనీకి" అంది హేమ్లి. "కళాయాయన మల్లొచ్చినప్పుడల్లా ముందు మా ఇంటి కాడికే వచ్చి, 'అక్కా, తలుపు తీసే ఉన్నదా?' అని అడిగేటోడు. ఒక ఏడు రాలే. జరమొచ్చి పోయిండని ఇల్లందు పోయినోళ్లు చెప్పిండ్రు. మా ఆయన అన్నం తినలే ఆ రోజు."

నేను ఫోనులో ఫోటోలు తీసుకుని ఇంటికి వచ్చాను.

దాదీది దుమ్ముగూడెం. మా ఇంట్లో పెద్దవాళ్లంతా ఉర్దూలో మాట్లాడుకుంటారు కానీ ఆమెకు గోదావరి ఒడ్డున నేర్చిన తెలుగే సులువు. నాతో ఎప్పుడూ తెలుగే. ఫోను చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని తీగ మీద వేలు నడిపింది. అది ఫోను అని మరిచి, చుక్కలు తగులుతాయేమోనని తడుముతున్నట్టుంది.

"ఈ కథ నాకు చెప్పిండు" అంది. "కని సగమే చెప్పిండు. తను ఆ పేరు గట్టిగ చదివిన సంగతి చెప్పలే, దొంగమొహం."

దాదీ గౌస్ దాదాను తిట్టగా వినడం అదే మొదటిసారి. నాన్న అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపి చూశాడు.

"అమ్మీ, నీకు ఆయన ఎట్ల తెలుసు? పెద్దోళ్లు చూసి చేసిండ్రా?" అని అడిగాడు. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి, ఆ ప్రశ్న అడగడానికి అంతకాలం పట్టింది.

దాదీ ఫోను పక్కన పెట్టి కళ్లద్దాలు తీసింది. "మీ చిన్నబ్బా ఉన్నన్నాళ్లు ఈయన ముచ్చట ఎత్తలే" అంది ఖాసిం దాదాను ఉద్దేశించి. "ఎత్తినా ఆయనేమనేటోడు కాదు. నాకే మనసొప్పలే." ఖాసిం దాదా పోయి మూడేళ్లయింది. ఇప్పుడు చెప్పొచ్చా లేదా అని ఆమె తనలో తాను తేల్చుకుంటున్నట్టు అనిపించింది. తరువాత వంటింట్లోకి వెళ్లి తన పళ్లెం తెచ్చి నాన్న ముందు పెట్టింది.

దుమ్ముగూడెంలో దాదీ వాళ్ల నాన్నకు గాజుల దుకాణం ఉండేది. కళాయి వాళ్లు ఆ వైపు వస్తే వాళ్ల వాకిట్లోనే దిగేవాళ్లు. ఆమెకు పదిహేడేళ్లప్పుడు, అక్క పెళ్లి సామాన్లకు పేర్లు కొట్టించారు. పనిలో పనిగా తనకూ ఒక పళ్లెం మీద పేరు కొట్టమని అడిగింది. గౌస్ కొట్టి ఇచ్చాడు. ఆమె చదివింది.

"ఇదేంది, సకినా అని కొట్టినవ్? నా పేరు సకీనా. దీర్ఘం ఏది?"

గౌస్ చూసుకున్నాడు. నిజమే. కానీ ఒప్పుకోవడానికి నామోషీ. "పలికేటప్పుడు సాగదీస్తే సరిపోతది" అన్నాడు.

"నువ్వు కళాయి పెట్టేటప్పుడు కూడ సగమే పెట్టి, మిగతాది అనుకోండ్రి అంటవా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. అప్పటికే గౌస్ వాళ్ల నాన్న తిత్తి, సంచులు బండి ఎక్కించేశాడు. చర్ల వెళ్లాలి. ఉలి కూడా మూటలోకి పోయింది. "దీర్ఘం బాకీ" అని చెప్పి బండి ఎక్కాడు. మళ్లీ వచ్చే ఏడు వస్తాడని, అప్పటికి మరిచిపోతాడని ఆమె అనుకుంది.

మూడో రోజు పొద్దున్నే వాకిట్లో సైకిలు ఆగింది. చర్ల నుంచి ఎవరి సైకిలో అడుక్కుని, ఆ రాళ్ల బాటలో తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. దాదీ వాళ్ల నాన్న ఏమయిందోనని గాబరాగా లేచాడు.

"ఏం లేదు చాచా. దీర్ఘం పెట్టి పోదమని వచ్చిన."

ఆమె పళ్లెం తెచ్చి ఇచ్చింది. అతను చాలా శ్రద్ధగా, ఒక్కొక్క చుక్కా చూసుకుంటూ దీర్ఘం పెట్టాడు. పక్కన మూడు చుక్కలు కూడా కొట్టాడు. మంచినీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. దాదీ వాళ్ల నాన్న పళ్లెం ఒకసారి, కూతురి మొహం ఒకసారి చూసి, సాయంత్రం భార్యతో మాట్లాడాడు.

ఈ పళ్లెంలో నేను ఎన్నిసార్లు తిన్నానో. ఇప్పుడు పట్టి చూస్తే, మిగతా అక్షరాల కంటే ఆ దీర్ఘం చుక్కలు లోతుగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. నాన్న వేలు పెట్టి తడిమాడు. ఏదో అడగబోయి మానేశాడు. తరువాత, "ఎట్ల పోయిండు అమ్మీ?" అన్నాడు.

అది దాదీ తొందరగా చెప్పేసింది. నాన్న పుట్టాక ఆమె దుమ్ముగూడెంలో పుట్టింట్లో ఉంది, గౌస్ కూడా అక్కడికి వచ్చి ఉన్నాడు. ఆ ఏడు ముసురు పట్టింది. కళాయి వాళ్లు వానల్లో తిరగరు. బొగ్గు అంటుకోదు, గూడేలకు బాటలు ఉండవు. అయినా గౌస్ మూట కట్టుకుని వాగు అవతలి గూడేనికి బయలుదేరాడు. ఎందుకంటే చెప్పలేదు, వారంలో వస్తానన్నాడు. ఆమె కోపంతో మాట్లాడకుండా ఊరుకుంది. వారం దాటాక గూడెం మనుషులు అతన్ని వెదురు లారీలో తెచ్చి దించారు. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తెరిచి ఉన్నా ఎవరినీ గుర్తుపట్టడం లేదు. భద్రాచలం తీసుకుపోవడానికి బండి మాట్లాడేలోపే, తెల్లవారుజామున పోయాడు.

"తెచ్చినోళ్లల్ల బొజ్జయ్య అని ఒకాయన ఉండె. గంతే తెలుసు" అంది.

ఆమె చెప్పిన ముసురు, ఒళ్లు కాలిపోవడం, చివరికి మనుషులను గుర్తుపట్టకపోవడం వింటుంటే నాకు ఆ జ్వరం పేరు తెలిసిపోయింది. మలేరియా మెదడుకు ఎక్కింది. ఇప్పుడు నా టేబుల్ మీద ఒక్క రక్తం చుక్కతో, చాయ్ తాగి వచ్చేలోపు తేలిపోయే సంగతి. మాత్రలు కూడా పక్క అల్మారాలోనే ఉంటాయి. ఇవన్నీ దాదీకి చెప్పలేదు. నాన్నకు చెప్పాను. 

దుమ్ముగూడెం మండలంలో నాకు తెలిసిన ల్యాబ్ వాళ్లకు ఫోను చేశాను. వాగు అవతలి గూడెంలో బొజ్జయ్య అనే పెద్దమనిషి ఉన్నాడా అని అడిగితే, అవతలి నుంచి, "బొజ్జ తాతనా? ఉన్నడు. నిన్ననే బీపీ చూసినం. మనకంటే గట్టిగున్నడు" అని జవాబు వచ్చింది.

నాన్న దుకాణం మూసి కిరాయి కారు మాట్లాడాడు. దాదీ రానంది. "పోయి ఏమడగాలె? ఎట్ల పోయిండని అడగాల్నా?" అంది. తీరా బయలుదేరే వేళకు బురఖా వేసుకుని కారులో కూర్చుని ఉంది.

ముందు దుమ్ముగూడెం కబరస్తానుకు వెళ్లాం. గౌస్ దాదాకు రాయి పెట్టలేదు. వేపచెట్టు పక్కన అని దాదీకి గుర్తు. ఆ వేపచెట్టు ఎనభై ఆరు వరదకు పోయింది. ఇప్పుడక్కడ గడ్డి, తుమ్మలు. నాన్న అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, ఎక్కడ నిలబడాలో తెలియక దాదీ వైపు చూశాడు.

"ఎక్కడో ఇక్కడనే ఉన్నడు. అందరికి కలిపి చదువు. పక్కోళ్లకు కూడ పుణ్యమే" అంది దాదీ.

నాన్న అందరికీ కలిపి ఫాతిహా చదివాడు.

గూడెం దగ్గర కారు ఆపి వాగు దాటాం. ఇప్పుడు దాని మీద చిన్న వంతెన ఉంది. బొజ్జయ్య తాత వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. బొజ్జ అనే పేరు విని పెద్ద పొట్టతో ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే ఆయన చీలుస్తున్న వెదురంత సన్నగా ఉన్నాడు. మేమెవరమో చెప్పగానే కత్తి కింద పెట్టేసి లేచాడు. లోపలికి చూసి కోయ భాషలో ఏదో కేక వేశాడు. మంచాలు వాల్చారు.

కూర్చున్నాక ఆయనే ముందు మాట్లాడాడు, దాదీ వైపు చూడకుండా.

"అమ్మా, ఆ ముసురుల రమ్మన్నది నేనే. కొత్తల పండుగకు గూడెమంతటికి వండనీకి పెద్ద గుండిగ కొన్న. కళాయి పెట్టి పేరు కొట్టాలె, పండుగ లోపల రావాలె అన్న. వస్తనని మాటిచ్చిండు. నేను రమ్మనకపోతే ఆయన బతికేటోడు. గందుకే ఇన్నేండ్ల సంది మీ గడపకు రానీకి నాకు మొహం చెల్లలే."

దాదీ వెంటనే అంది, "రమ్మంటే వచ్చేటోడా ఆయన? తనకు బుద్ధి పుడితేనే కదిలేటోడు. దీర్ఘం పెట్ట రమ్మని నేనేమన్న కబురు పెట్టిన్నా?"

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. నేను దీర్ఘం సంగతి చెప్పాను. తాత నెమ్మదిగా నవ్వాడు. దాంతో ఆయన గుండె మీది బరువు దిగిందో లేదో కానీ, అప్పటి నుంచి దాదీ మొహం చూసి మాట్లాడాడు.

గౌస్ వచ్చిన రోజే కళాయి పెట్టేశాడట. మర్నాడు పేరు మొదలుపెట్టాడు. కొంత కొట్టేసరికి చలి వచ్చింది. సుత్తి పట్టిన చెయ్యి ఆగడం లేదు. "మిగతాది రేపు" అని పక్కన పెట్టాడు. రేపటికి లేవలేకపోయాడు. బొజ్జయ్య వాళ్ల అమ్మ పొయ్యి పక్కన పడుకోబెట్టి చూసుకుంది. జ్వరం దిగినప్పుడల్లా మామూలుగా మాట్లాడేవాడు. గూడెంలో ఎవరి గిన్నె మీద ఏ బొమ్మ వేశాడో ఒక్కొక్కటే చెప్పి, తప్పు చెప్పాడేమో చూసి రమ్మని పిల్లల్ని పంపేవాడు. వాన తెరిపి ఇవ్వగానే నులకమంచం మీద పడుకోబెట్టి, పైన తాటాకు చాప కప్పి, నలుగురు మార్చి మార్చి మోశారు.

"వాగు దాటేటప్పుడు నీళ్లు మా రొమ్ము దాక ఉన్నయ్. మేం భయపడుతున్నం. ఆయన చాప కింద నుంచి, 'బొజ్జన్నా, పెండ్లి నాడు కూడ నన్ను గింత గొప్పగ మోయలే. ఇట్లనే అత్తగారింటికి తీసుకపోండ్రి' అన్నడు. నవ్వుకుంటనే దాటినం. రోడ్డు ఎక్కినంక మల్ల మాట్లాడలే."

నాన్న తల వంచుకున్నాడు. దాదీ మాత్రం కదలకుండా విన్నది. ఆఖర్న ఒక్కటే అడిగింది.

"అన్నం తిన్నడా?"

"అన్నం సయించలే. గంజి తాగిండు. మా అమ్మ మామిడి ఒరుగులు ఉప్పుల నానబెట్టి పెడితే నంజుకున్నడు. మల్ల మల్ల అడిగి పెట్టించుకున్నడు."

"పులుపంటే పాణం ఆయనకు" అంది దాదీ. బురఖా అంచుతో కళ్లు ఒత్తుకుంది. చాలాకాలంగా తెలియాల్సినది అదొక్కటే ఉన్నట్టు, ఆమె ఆ మంచం మీద కొంచెం వెనక్కి జరిగి సుఖంగా కూర్చుంది.

తాత కోడలు గుండిగ బయటికి తెచ్చింది. ఇప్పటికీ పండుగకు దాంట్లోనే వండుతారట. మసి తోమిన చోట పేరు ఉంది. 'బొజ్జ' దగ్గర ఆగిపోయింది. చివరి అక్షరం చుక్కలు వణికి వంకరపోయాయి. మూడు చుక్కలు లేవు.

నాన్న చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "తాతా, ఉలి, సుత్తి తెస్త. మిగతా పేరు నేను కొడత" అన్నాడు.

"వద్దు బిడ్డా."

"మా నాయన కొట్టిందాని జోలికి పోను. పక్కన 'య్య' మాత్రం..."

"అది కాదు. ఈ గుండిగ చూసి చూసి చుట్టుపక్కల ఊర్లన్ని నన్ను బొజ్జ అనే పిలుస్తయ్. ఓటరు కార్డుల గూడ బొజ్జ అనే పడ్డది. ఇప్పుడు నువ్వు 'య్య' పెడితే ఆ గుండిగ నాది కాదంటరు."

మొదట నవ్వింది దాదీయే. తరువాత తాత, కోడలు, నాన్న. నాన్న నవ్వుతూనే మొహం అటు తిప్పుకుని కండువాతో తుడుచుకున్నాడు. వాళ్లు మమ్మల్ని అన్నం తినకుండా పోనివ్వలేదు. చిన్న చేపల పులుసు వండారు. దాదీ రెండోసారి వడ్డించుకుంది.

తిరుగు దారిలో నాన్న డ్రైవరు పక్క సీటు వదిలేసి వెనక దాదీ పక్కన కూర్చున్నాడు.  భద్రాచలం వంతెన దాటాక అడగడం మొదలుపెట్టాడు. ఎంత ఎత్తు ఉండేవాడు, బీడీ తాగేవాడా, పాటలు పాడేవాడా. దాదీ కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి గుర్తు లేదంది, కొన్నిటికి పిల్లలకు చెప్పేవి కాదంది.

అది ఇప్పటికీ ఆగలేదు. రోజూ పొద్దున దుకాణానికి వెళ్లేముందు నాన్న ఏదో ఒకటి అడుగుతాడు. ఈ నెల చెప్పిన మాటకూ పోయిన నెల చెప్పినదానికీ ఒక్కోసారి పొంతన ఉండదు. నాన్న పట్టించుకోడు, రెండూ నమ్ముతాడు. నిన్న చాయ్ తాగుతూ, ఆయనకు ఈత రాదని దాదీ కొత్త సంగతి చెప్పింది. గోదావరి ఒడ్డు పిల్లను చేసుకుని ఈత రాకపోవడం ఏమిటని నాన్న వాదన. నేర్పిద్దామని ఒకసారి రేవుకు తీసుకువెళ్లానని, మోకాలి లోతు నీళ్లలోనే ఆయన తన జడ పట్టుకుని వదల్లేదని దాదీ అంటోంది.